గొట్టం మీద మూడు దెబ్బలు

దయ్యాలను నేను ఎన్నడూ నమ్మలేదు. ఆ మాటకొస్తే మనుషులను కూడా అంతంత మాత్రంగానే నమ్మాను. అనుమానం నా పుట్టుగుణం. మా అవ్వ పాలు పోసే ఆమెతో పోట్లాటకు దిగేముందు నన్ను పిలిచి ఒక గుక్క తాగించేది. నీళ్లు కలిసినాయని నేనంటే కలిసినట్టే. పెళ్లయ్యాక నా భార్య, ఈ మనిషి చెప్పులు తొడుక్కునే ముందు వాటిని కూడా విచారిస్తాడని నవ్వేది. ఎవరైనా దయ్యం కథ చెబితే ఆ కథ వల్ల ఎవరికి లాభమో ముందు చూసేవాణ్ని. చాలాసార్లు ఎవరో ఒకరు దొరికేవారు.

ఇప్పుడు నేను రాసేది మాత్రం ఎటు తిప్పి చూసినా ఎవరికీ లాభం లేని సంగతి. పట్టపగలు జరిగింది. నేనొక్కణ్నే విన్నది కూడా కాదు. చూసింది చూసినట్టు, విన్నది విన్నట్టు రాస్తాను. ఇందులో నాకు సిగ్గనిపించే ముక్క ఒకటుంది, అదీ దాచను.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డ నాలుగైదేళ్ల తరవాతి మాట. మాది సిరిసిల్ల, నేతపని ఇల్లు. బాపు నన్ను మగ్గం మీద కూర్చోబెట్టకుండా చదివించాడు. ఊళ్లకు తాగునీళ్లు ఇచ్చే మహకమాలో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా నౌకరీ దొరికింది. మొదట కరీంనగర్‌లో ఉన్నాను. తరవాత నిర్మల్ అవతల గుట్టల్లోకి పంపారు.

అక్కడ గుట్ట మీద ఒక చెరువు, గుట్ట కింద ఒక ఊరు. ఊరి పేరు రాయను, అప్పటి వాళ్లు ఇంకా ఉన్నారు. ఆ చెరువు నుంచి ఊరికి నిజాం కాలంలో పోత ఇనుప గొట్టాలు వేశారు. నడుము లోతు కందకం తవ్వి, గొట్టం వెంట గొట్టం అమర్చి, అతుకు అతుకుకూ జనపనార కుక్కి, కరిగించిన సీసం పోసి మట్టి కప్పారు. చదును నేల మీదైతే అట్లాంటి లైను మనవల కాలం దాకా చెక్కుచెదరదు. కానీ ఇది గుట్ట వాలులోంచి దిగుతుంది.

ఆ వాలులో సుమారు రెండు వందల గజాల ముక్క కదులుతుంది. కంటికి కనిపించే కదలిక కాదు. పైన నల్లమట్టి, దాని కింద నున్నటి బండ. వాన నీళ్లు మట్టిలోంచి ఇంకి బండ మీద చేరగానే పైనున్న మట్టంతా కొంచెం కొంచెంగా కిందికి జరుగుతుంది. అందులో పాతిన గొట్టాన్ని కూడా తనతో లాక్కుపోవాలని చూస్తుంది. ఇనుము వంగదు కాబట్టి ఎక్కడో ఒక అతుకు దగ్గర సీసం ఊడుతుంది. అక్కడి నుంచి నీళ్లు కారి మట్టి ఇంకా నాని ఇంకా జారుతుంది. ఏటా మిరుగం దాటి వానలు మొదలైతే ఇదే తంతు. దీన్ని ఆపమనే నన్ను పంపారు.

వాలు పైభాగాన కాలువలు తవ్వి వాన నీళ్లను పక్క వాగులోకి మళ్లించాలి. ఆ తరవాత కదిలే ముక్కలో గొట్టాన్ని మట్టిలోంచి బయటికి తీసి, రాతి దిమ్మెల మీద ఊరికే ఆనించి పెట్టాలి. అప్పుడు మట్టి తన దారిన తాను జరిగినా గొట్టం జోలికి రాదు. ఆ పని అయ్యేదాకా వాలు ఎంత జరుగుతున్నదో కనిపెట్టుకుని ఉండాలి.

కనిపెట్టడానికి నేనొక ఉపాయం చేశాను. వాలుకు అడ్డంగా, ఈ చివర బండ నుంచి ఆ చివర బండ దాకా పదకొండు టేకు గూటాలు ఒకే వరసలో దిగ్గొట్టించాను. వాటి తలల మీద మేకులు కొట్టి, బాపు దగ్గర నుంచి తెచ్చిన గంజి పెట్టిన పడుగు దారాన్ని బిగించి కట్టాను. నడిమి గూటం గోరంత జరిగినా దారం వంగుతుంది. దారం బిగువు చూడటం నేతోని కొడుకుకు ఒకరు నేర్పక్కర్లేదు. మా ఇంజనీరు గారు వచ్చి చూసి మెచ్చుకున్నారు. ఆ మెప్పు నాకు కాస్త తలకెక్కింది కూడా.

నాకంటే ముందు నుంచి అక్కడ ఇంకో పద్ధతి ఉంది. దాన్ని లైను చౌకీదార్ పోశెట్టి నడిపించేవాడు.

పోశెట్టికి యాభై దాటాయి. లైను వేసినప్పుడు తట్ట మోసిన కూలీ, అప్పటి నుంచి దాన్ని అంటిపెట్టుకునే ఉన్నాడు. రోజూ పొద్దున గొంగడి భుజాన వేసుకుని వాలు అంచున బండ వెంట ఉన్న కాలిదారిలో పైకి పోయేవాడు. వాలు పై చివర బండ మీద ఒక వాల్వు గుంత, కింది చివర ఇంకొకటి. మీది గుంత, కింది గుంత అనేవాళ్లం. ఆ రెంటి నడుమ గొట్టం ఎక్కడా బయటికి కనిపించదు. సరిగ్గా ఏడింటికి పోశెట్టి మీది గుంత తాళం తీసి, లోపలికి దిగి, ఇనుప కడ్డీతో గొట్టం మీద మూడు దెబ్బలు కొట్టేవాడు. కింది గుంతలో ఉన్న మనిషి ఒక కడ్డీని గొట్టానికీ తన చెవికీ ఆనించి వినాలి. అతుకులన్నీ గట్టిగా ఉంటే దెబ్బ ఖంగుమని వస్తుంది. ఏదైనా వదులైతే మొద్దుగా వస్తుంది. ఊడిపోతే అసలే రాదు.

విన్న మనిషి తిరిగి రెండు దెబ్బలు కొట్టాలి. విన్నాను, బాగుంది అని. ఆ రెండూ అందగానే పైవాడు కడ్డీ మూలన పెట్టి తన పనికి పోతాడు. ఇక ఆ రోజుకు గొట్టం మీద దెబ్బ పడదు. రెండు దెబ్బలు రాకపోతే మాత్రం ఆగకూడదు, వచ్చేదాకా మూడేసి కొడుతూనే ఉండాలి. కాయితం మీద ఎక్కడా లేదు గాని వాళ్ల రివాజు అది. నేను అక్కడికి వచ్చాక కింది గుంత పని నేనే తీసుకున్నాను. ఇంకొకరి చెవిని నమ్మడం ఎందుకని.

కాలువలు తవ్వడానికి మట్టిపని వాళ్లు వచ్చారు. పదకొండు కుటుంబాలు. వాలు కింద, కింది గుంత పక్కన నీడగా ఉన్న చదును జాగా చూపించి గుడిసెలు అక్కడ వేసుకొమ్మన్నది నేనే. నీళ్లు దగ్గర, పని దగ్గర అని. వాళ్లకు పెద్దదిక్కు ఎల్లవ్వ అనే ముసలామె. ఆమె కసిరితే మగవాళ్లు కూడా మారు మాట్లాడకుండా తట్ట ఎత్తేవారు.

పోశెట్టికి ఆ గుడిసెలు నచ్చలేదు. వాళ్లు వచ్చిన వారానికే నా దగ్గరికి వచ్చాడు.

“గా గుడిసెలు ఆడికెల్లి తీపియ్యుండ్రి సాబ్. గుట్ట గీసారి మంచిగ లేదు.”

గూటాలు చూడు, దారం చూడు, వెంట్రుకవాసి కూడా జరగలేదన్నాను. దారం సంగతి తనకు తెలియదని, నడుస్తుంటే కాళ్లకు తెలుస్తున్నదని అన్నాడు. పది రోజులకు మళ్లీ వచ్చి అదే మాట. నాకు వెంటనే అనుమానం పురుగులా తొలిచింది. పోశెట్టికి ఆరేడు మేకలున్నాయి. గుడిసెలు రాకముందు మధ్యాహ్నం పూట అవి ఆ నీడలోనే పడుకునేవి. ఇదా సంగతి అనుకున్నాను. మూడోసారి వచ్చినప్పుడు, మేకలు ఎట్లున్నాయి పోశెట్టీ అని అడిగాను. అతను నా మొహంలోకి ఒకసారి చూసి వెళ్లిపోయాడు. అది దొరికిపోయినవాడి చూపు అనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే అట్లా అనిపించదు.

అప్పటి నుంచి అతని మీద నా కన్ను పడింది. ఒక రోజు మూడు దెబ్బలు విని, రెండు కొట్టి, ఏదో పనుండి వెంటనే పైకి బయలుదేరాను. దారిలో పోశెట్టి ఎదురు రావాలి. రాలేదు. ఎండాకాలం, దారంతా మెత్తటి దుమ్ము. అందులో మేకల పాత అడుగులున్నాయి గాని ఆ పొద్దుటి మనిషి అడుగు ఒక్కటీ లేదు. మీది గుంతకు తాళం వేసి ఉంది.

అటు లోయ, ఇటు ముళ్లకంప. ఆ దారి తప్ప పైకి పోవడానికి వేరే దారి లేదు. ఆ సాయంత్రం నేనే పోయి కాలిదారికి అడ్డంగా, మోకాలి కిందికి, మూడు చోట్ల సన్నటి దారం కట్టి వచ్చాను. బాపు ఇచ్చిన దారం నౌకరీలో అన్ని విధాలా పనికొచ్చింది. మర్నాడు ఏడింటికి మూడు దెబ్బలు ఖంగుమని వచ్చాయి. పోయి చూస్తే దారాలు తెగలేదు. ఆ మర్నాడూ అంతే.

ఇంకేముంది, దొంగ దొరికాడు. పైదాకా ఎక్కడానికి బద్ధకించి వీడు ఎక్కడో దగ్గర్లో మట్టి తవ్వి గొట్టం బయటపెట్టుకుని అక్కడే కొట్టి పోతున్నాడని తేల్చుకున్నాను. ఆ తవ్విన చోటు ఎంత వెతికినా దొరకలేదు. బాగా కప్పిపెట్టాడనుకున్నాను.

నాలుగో రోజు పోశెట్టి నా ఎదుటికి వచ్చాడు. మొహం పీక్కుపోయి ఉంది. దారాల ఊసెత్తకుండా, మూడు రోజులు పైకి పోయావా అని మెల్లగా అడిగాను. పోయానంటాడు, పట్టుకుందామని.

“పోలే సాబ్. సలిజరమొచ్చి ఖానాపూర్ల బిడ్డ ఇంట్ల పన్న. చెప్పకుంట పోవుడు నాదే తప్పు. మూడొద్దులు లైను ఎట్లున్నదో అని ఒకటే ఫికర్.”

మరి దెబ్బలు కొట్టిందెవరని అడిగాను. ఏం దెబ్బలన్నాడు. మూడు రోజులూ ఏడింటికి మూడు దెబ్బలు వచ్చాయని, నేను రెండు కొట్టానని, ఆ తరవాత చప్పుడు లేదని చెప్పాను. పోశెట్టి మొలతాడుకు కట్టుకున్న తాళంచెవి తడిమి చూసుకున్నాడు. అది అక్కడే ఉంది. రెండో తాళంచెవి నా జేబులో ఉంది. మూడోది లేదు.

“గుడిసెలు తీపియ్యుండ్రి సాబ్,” అన్నాడు చివరికి. “ఇయ్యాల్నే తీపియ్యుండ్రి.”

నాకు ఒళ్లు మండింది. తన దొంగతనాన్ని దయ్యం మీదికి నెట్టి, ఆ దయ్యాన్ని చూపించి గుడిసెలు కూడా లేపిద్దామని చూస్తున్నాడనిపించింది. అదే రోజు కూర్చుని రిపోర్టు రాశాను. చౌకీదార్ చెప్పకుండా మూడు రోజులు పోయాడు, ఎవరితోనో దొంగ దెబ్బలు కొట్టించాడు, అతన్ని నమ్మలేమని. విచారణ అయ్యేదాకా పనిలోకి రావద్దని హుకుం వచ్చింది. పోశెట్టి బతిమాలలేదు. తాళంచెవి నా చేతిలో పెట్టి, గొంగడి దులుపుకుని పోయాడు.

కొత్త మనిషి ఇంకా రాలేదు. మర్నాడు పొద్దున వాల్వుకు నూనె వేద్దామని కింది గుంతలోకి దిగాను. ఏడయింది. అలవాటుగా కడ్డీ చెవికి ఆనించాను.

మూడు దెబ్బలు వచ్చాయి.

నా మొదటి ఆలోచన దయ్యం గురించి కాదు. పోశెట్టి నా మీద కక్షతో దొంగచాటుగా వస్తున్నాడు, నన్ను వెర్రివాణ్ని చేద్దామనుకుంటున్నాడు అనుకున్నాను. సరే, కొట్టుకో, జవాబు మాత్రం ఇవ్వను అనుకున్నాను. రెండు దెబ్బలు కొట్టలేదు. కాసేపు ఆగి మళ్లీ మూడు వచ్చాయి. మళ్లీ మూడు. గంటసేపు విన్నాను. తరవాత నేనే కడ్డీ కింద పెట్టి బయటికి వచ్చాను.

రెండో రోజు దెబ్బలు పడుతుండగానే పైకి ఉరికాను. ఎక్కడానికి ఇరవై నిమిషాలు పట్టింది. పైన ఎవరూ లేరు. ఆ దారంతా కింద గుడిసెలకు కనిపిస్తుంది. నేను ఎక్కడం చూసి అక్కడి వాళ్లెవరో వాడికి సైగ చేస్తున్నారన్నమాట అనుకున్నాను. దానికి తగ్గట్టు ఆ సాయంత్రమే ఎల్లవ్వ, ముసలోని పొట్ట కొట్టినవు, నీకేం మంచిగైతదని నన్ను ముఖం మీదే అడిగింది. ఇంకేం సాక్ష్యం కావాలి. గుడిసెలన్నీ పోశెట్టి పక్షమని నిర్ధారించుకున్నాను.

మిరుగం దిగింది. మూడో రోజు, నాలుగో రోజు గుట్ట మీద కుండపోత. వాన పడ్డాక రోజూ గూటాల దారం చూసి రావాలని నేనే నియమం పెట్టుకున్నాను. ఆ రెండు రోజులూ పోలేదు. కింది గుంత దగ్గర గొంగడి కప్పుకుని కూర్చుని, గుడిసెల్లో ఎవరు సైగ చేస్తారా అని చూస్తూ ఉన్నాను. దెబ్బలు వస్తూనే ఉన్నాయి. జవాబు ఇవ్వకుండానే ఉన్నాను.

ఐదో రోజు వాన వెలిసింది. ఎండ కూడా కాసింది. నేల తడిసిపోయింది కాబట్టి పని లేదు, అందరూ గుడిసెల్లోనే ఉన్నారు. మధ్యాహ్నం గుంత గోడ మీద కూర్చుని జొన్నరొట్టె తింటున్నాను. చెవికి కడ్డీ లేదు, ఏమీ లేదు. చప్పుడు అట్లాగే వినిపించింది. మూడు, మూడు, మూడు. నడుమ సందు లేదు. నీళ్లకని వచ్చిన ఇద్దరు మగవాళ్లు కడవలు దించి నిలబడిపోయారు. ఎవలో లోపటున్నరు సారు అన్నాడు అందులో ఒకడు. కాబట్టి ఇది నా చెవుల భ్రమ కాదు.

అది సీసం అతుకును ఉలితో పగలగొడుతున్న చప్పుడులాగే ఉంది. పోశెట్టి లైను పాడుచేస్తున్నాడు, ఇవాళ వదలకూడదు అనుకున్నాను. వాలును చుట్టూ మూసేయాలంటే మనుషులు కావాలి. ఇంకో సంగతి, సైగ చేసేవాడు కింద ఉండిపోకూడదు. గుడిసెల దగ్గరికి పోయి, ఆడా మగా పిల్లాజెల్లా అందరూ నా వెంట పైకి రావాలి, ఒక్కరు వెనక ఉన్నా రేపటి నుంచి ఎవరికీ పని లేదని చెప్పాను.

ఎల్లవ్వ మూడో గుడిసెకు అడ్డంగా నిలబడింది. లోపల ఆమె మనవరాలు, ఒళ్లో పసిగుడ్డు.

“ఐదొద్దుల బాలింత సారు. పురుడు గాలే. గిట్ల ఎవలన్న గడప దాటిత్తరా?”

పురుటి స్నానం చేయించి పురుడు జరిపేదాకా బాలింతను గుడిసె దాటించకూడదని నాకు తెలియక కాదు. మా ఇంట్లోనూ అంతే. కానీ సరిగ్గా ఆ గుడిసెలోంచే సైగ పోతుందని ఆ క్షణాన నాకు గట్టిగా అనిపించింది. పసిబిడ్డ ఉన్న గుడిసెను ఎవరూ సోదా చెయ్యరు కదా. మంచంతో సహా ఎత్తమన్నాను. ఎల్లవ్వ నన్ను తిట్టని తిట్టు లేదు. నలుగురు మగవాళ్లు మంచం ఎత్తారు. ఆమె తన కొంగు తీసి బిడ్డ మొహం మీద కప్పి, మంచం పక్కన తిట్టుకుంటూ నడిచింది.

అంచు దారి వెంట పైకి చేరాం. పైన నల్లమట్టి ముద్దగా ఉంది. కాకి నడిచినా గుర్తు పడే నేల. మీది గుంత చుట్టూ ఒక్క అడుగు లేదు. తాళం వేసినట్టే ఉంది, దాని మీదికి చిందిన బురద ఎండి పొలుసు కట్టింది. రెండు తాళంచెవులూ నా జేబులోనే ఉన్నాయి. తాళం తీసి దిగాను. పోశెట్టి కడ్డీ మూలన అతను పెట్టినట్టే నిలబడి ఉంది, తుప్పు పట్టి.

గొట్టం మీద అరచెయ్యి పెట్టాను. దెబ్బలు చేతికి తెలుస్తున్నాయి. మూడు, మూడు. అవి పడేది ఈ గుంతలో కాదు. కింది వైపు నుంచి వస్తున్నాయి, నడుము లోతు మట్టి కప్పి ఉన్న వాలు నడిమి నుంచి. అప్పుడు మాత్రం నాకు భయం వేసింది.

అంతలో ఆగిపోయాయి. పైనుంచి ఎల్లవ్వ పిలిచింది.

“సారూ, నీ దారం తెగిపోయింది సూడు.”

తల బయటికి పెట్టి చూశాను. నడిమి గూటాలు నాలుగు, వరసలోంచి మూర దూరం కిందికి పోయి ఉన్నాయి. దారం కొసలు గాలికి ఊగుతున్నాయి. వాటికి పైన, మేం నిలబడ్డ బండకు ఆనుకుని, నేలలో జానెడు వెడల్పు చీలిక. అది ఒకసారి చూసి ఇంకోసారి చూసేలోగా వాలు కదిలింది. పెద్ద చప్పుడేమీ కాలేదు మొదట. చెట్లు నిలబడ్డవి నిలబడ్డట్టే కిందికి పోయాయి. తరవాత చప్పుడయింది. గొట్టం తెగి నీళ్లు ఎగజిమ్మాయి. నేను గుంతలోనే ఉన్నాను కాబట్టి నా చేతులు వాటంతట అవే వాల్వు తిప్పాయి, ఇద్దరు మగవాళ్లు దిగి సాయం పట్టారు. నీళ్లు ఆగాయి. లేకపోతే ఊరి దారి కూడా పోయేది.

మట్టి స్థిమితపడ్డాక కిందికి చూశాం. పదకొండు గుడిసెల్లో తొమ్మిది కనిపించలేదు. మూడో గుడిసె ఉన్న చోట రెండు నిలువుల మట్టి ఉంది.

ఎవరూ ఏడవలేదు. ముందు లెక్క చూసుకున్నారు. అందరూ ఉన్నారు. అప్పుడు ఎల్లవ్వ వచ్చి నా కాళ్లు పట్టుకుంది.

“నిన్ను నోటికొచ్చినట్టు తిట్టిన బిడ్డా. నీకు ముందుగాల్నే ఎర్కైంది. మమ్ముల బతికిచ్చినవ్.”

కాదు అని చెప్పవలసింది. నేను మిమ్మల్ని బతికించడానికి లేపలేదు, దొంగలనుకుని లేపాను అని. నోరు రాలేదు. నాకు సిగ్గనిపించే ముక్క ఇదే. ఇన్నేళ్లలో ఈ మాట మొదటిసారి ఇక్కడే రాస్తున్నాను.

ఘాటు దారిలో పోతున్న లారీ వాళ్లతో నిర్మల్‌కు కబురు పంపాం. పొద్దు గుంకక ముందే ఇంజనీరు గారి జీపు వచ్చింది. దాని వెనక సీటులోంచి పోశెట్టి దిగాడు. తన నౌకరీ గురించి అర్జీ పట్టుకుని పొద్దున ఆఫీసు తెరవకముందు నుంచి అతను అరుగు మీదే కూర్చున్నాడని, ఇప్పటిదాకా కదల్లేదని ఇంజనీరు గారే చెప్పారు. ఊరుకోలేక తరవాత నేను ఆఫీసు జవానును అడిగాను, అతనూ అదే అన్నాడు. ఖానాపూర్ పోయి పోశెట్టి బిడ్డ ఇంట్లో అడిగాను, మందిచ్చిన కాంపౌండర్‌ను అడిగాను. ఆ మూడు రోజులు అతను మంచం దిగలేదు.

దెబ్బల సంగతి విని ఇంజనీరు గారు నవ్వలేదు, మంచి మనిషి. మట్టి లాగుతుంటే ఇనుము మీద ఒత్తిడి పడి ఖంగుఖంగుమంటుంది, అతుకులు ఒక్కటొక్కటే ఊడుతున్న చప్పుడు అది అన్నారు. ఆ మధ్యాహ్నానికి ఆ జవాబు చాలునేమో. కానీ ఎండాకాలం, వాలు కదలని రోజుల్లో, ఏడింటికి మూడే దెబ్బలు ఎందుకు వచ్చాయి? నేను రెండు కొట్టిన రోజున ఎందుకు ఆగాయి, కొట్టని రోజున ఎందుకు ఆగలేదు? ఇది అడిగితే ఆయన సిగరెట్ వెలిగించుకుని అటు తిరిగారు.

లైను వేసినప్పుడు ఎవరైనా కందకంలో పడి చచ్చారా అని కూడా వెతికాను. పాత కూలీలను అడిగాను, ఊళ్లో ముసలివాళ్లను అడిగాను. అట్లాంటిదేమీ జరగలేదన్నారు. జరిగి ఉంటే కథకు ఒక దిక్కు ఉండేది.

నా ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాను. గుడిసెలు తీయమని చౌకీదార్ మూడుసార్లు చెప్పాడు, నేను వినలేదు అని రాసిచ్చాను. పోశెట్టిని మళ్లీ పనిలోకి తీసుకున్నారు. మట్టిపని వాళ్లకు ఊళ్లో బడి అరుగు ఇచ్చారు, పసిబిడ్డ పురుడు అక్కడే చేశారు. నన్ను ముందు కూర్చోమన్నారు. కూర్చోలేకపోయాను. నా జాగాలో పోశెట్టిని కూర్చోబెట్టాను.

ఒక రోజు ఇద్దరం వాలు కింద నిలబడి ఉన్నాం. నన్ను క్షమించమని అడుగుదామనుకున్నాను, ఆ మాట రాక, అది ఎవరై ఉంటారు పోశన్నా అని అడిగాను. ఎవరైతే ఏంది, నేను వినలేదు కదా, విన్నది మీరు అన్నాడు. తరవాత అతనే అడిగాడు.

“ఆఖరి దినం మీరు జవాబు కొట్టిండ్రా సాబ్?”

లేదన్నాను. పోశెట్టి నాలుకతో చప్పుడు చేసి, మేకలను అదిలించుకుంటూ పోయాడు.

ఆ ఏడాది చలికాలానికి కొత్త లైను పూర్తయింది. జారే ముక్కలో ఇప్పుడు గొట్టం మట్టిలో లేదు, రాతి దిమ్మెల మీద ఉంది. తరవాత వాలు మళ్లీ జరిగింది గాని గొట్టానికి ఏమీ కాలేదు. నన్ను తిరిగి కరీంనగర్ వేశారు. పోయే రోజు పొద్దున ఒక్కణ్నే పాత కింది గుంత దగ్గరికి పోయాను. తెగిపోయిన పాత గొట్టం కొస, మూరెడు, బురదలోంచి బయటికి ఉంది. దాని అవతలి ముక్క ఎక్కడుందో ఎవరికీ తెలియదు. దేనితోనూ అతుకు లేని ఇనుము అది.

కడ్డీ తీసుకుని దాని మీద రెండు దెబ్బలు కొట్టాను.

తరవాత కడ్డీ చెవికి ఆనించి చాలాసేపు నిలబడ్డాను. ఏమీ వినిపించలేదు. బస్సు టైము అయిపోతున్నదని చివరికి కడ్డీ కింద పెట్టి వచ్చేశాను. దారిలో, అంతా నా భ్రమే, ఎవరూ లేరు అని సర్దిచెప్పుకున్నాను. బస్సు నిర్మల్ దాటాక గుర్తొచ్చింది. రెండు దెబ్బలు అందాక పైవాడు మళ్లీ కొట్టడు. వాళ్ల రివాజు అదే.